ముందు ఒక నోటుబుక్కు కొను

చిరంజీవి పద్మకు,

నాన్నకు వచ్చిన డిమెన్షియా (జ్ఞాపకం, ఆలోచన మెల్లగా తగ్గిపోయే జబ్బు) అనగానే అందరూ మందుల గురించే అడుగుతారు. జ్ఞాపకశక్తికి ఇచ్చే డోనెపెజిల్ లాంటి మాత్రలు కొందరికి కొంతకాలం ఆసరాగా ఉంటాయి, జబ్బును మాత్రం ఆపవు. మిగతా బరువంతా నీ మీదే. అందుకే ముందు ఒక నోటుబుక్కు కొను.

అందులో "నాన్న కోప్పడ్డారు" అని రాస్తే ఎందుకూ పనికిరాదు. "సాయంత్రం 5.40. టీవీ మోత. చొక్కా విప్పబోతే చెయ్యి విదిలించారు. టీవీ కట్టేశాక 20 నిమిషాలకు సర్దుకున్నారు" అని రాయి. రాత్రి ఎన్నిసార్లు లేచారో, ప్రతిసారీ నీకు ఎంతసేపు పట్టిందో కూడా. రెండు వారాలు రాస్తే గొడవ ఏ వేళకి, దేనివల్ల మొదలవుతోందో నీకే తెలిసిపోతుంది.

నాన్నను చూసుకోవడానికి సాయం కోసం దరఖాస్తు పెట్టినప్పుడు ఈ పుస్తకమే నీ సాక్ష్యం. ఆ దరఖాస్తు మీద ఇంటికి చూడ్డానికి వచ్చినవాళ్లు "స్నానం ఆయనే చేస్తారా?" అంటారు. మనవాళ్లు పరువుకు పోయి "ఆ, చేస్తారండీ" అనేస్తారు. అక్కడే దరఖాస్తు సగం పోతుంది. "నీళ్లు పెట్టి, సబ్బు చేతికిచ్చి, పక్కనే నిలబడి ఒక్కొక్కటీ చెబితే చేస్తారు, 40 నిమిషాలు పడుతుంది" అని చెప్పు. ఇంకొకటి, కొత్తవాళ్ల ముందు నాన్న చక్కగా కబుర్లు చెబుతారు. ఆ అరగంట చూసి లెక్క వేసుకోనివ్వకు. బాగాలేని రోజు పేజీ తీసి చూపించు.

ఒకటి రెండు రోజుల్లోనే మనిషి మారిపోతే, అంటే మత్తుగా పడి ఉన్నా, లేనివి కనిపిస్తున్నాయన్నా, జబ్బు ముదిరిందనుకుని ఊరుకోకు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం, ఒంట్లో నీరు తగ్గడం, చెప్పుకోలేని నొప్పి, కొత్తగా మొదలుపెట్టిన మాత్ర, వీటిలో ఏదైనా కావచ్చు. ఆ రోజే డాక్టరుకు చూపించాలి. నిద్రకనో జలుబుకనో నువ్వే మాత్రలు కొనివ్వకు. వాటిలో డైఫెన్‌హైడ్రమిన్ అనే మందు ఉన్నవి అయోమయాన్ని పెంచుతాయి. గొడవ తగ్గించడానికి డాక్టరు యాంటీసైకోటిక్ (మానసిక జబ్బులకు వాడే మందు) రాస్తే, ఎంత మోతాదు, ఎప్పుడు ఆపి చూస్తారు అని అడిగి రాసుకో. డిమెన్షియా ఉన్న పెద్దవాళ్లలో వాటివల్ల పక్షవాతం, మరణం ముప్పు పెరుగుతుంది.

బ్యాంకు, ఆస్తి కాగితాలు ఆయనకు విషయం అర్థమవుతుండగానే చూసుకోండి. పవరాఫ్ అటార్నీ (ఆయన తరఫున పనులు చూసే అధికారపత్రం) రాయిస్తే, ఆయనకు విషయం అర్థం కాని స్థితి వచ్చాక కూడా అది చెల్లుతుందా అని లాయరును సూటిగా అడుగు. కొన్నిచోట్ల మామూలుది చెల్లదు.

2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించిన డిమెన్షియా ప్రణాళికలో ఏడు అంశాలుంటే, అందులో ఒకటి సంరక్షకులకు అండ. అమలు ఎక్కడికక్కడే, అదీ అడిగినవాళ్లకే. సంరక్షకుల కోసం ఆ సంస్థదే ఐసపోర్ట్ (iSupport) అనే శిక్షణ ఉంది, చూడు.

నువ్వు కూలబడ్డాక సాయానికి మనిషిని వెతకడం కాదు, ఇప్పుడే వారానికి రెండు గంటలు నాన్న దగ్గర ఉండే మనిషిని పెట్టుకో. అదే మనిషి, అదే వేళ. మొదట్లో నాన్న ఒప్పుకోరు, నాలుగైదు సార్లు చూడు. వచ్చినవాళ్లకు ఒక కాగితం రాసివ్వు: ఏమని పిలిస్తే పలుకుతారు, ఏ చెవి వినబడుతుంది, బాత్రూముకు వెళ్లాలంటే ఏం చేస్తారు. చాలామంది పంచె సర్దుకుంటూ లేచి తిరుగుతారు, నోటితో చెప్పరు.