ఉబుంటు వాడి విండోస్‌లోకి వస్తే గడియారం 5:30 గంటలు వెనక: బ్యాటరీ మార్చాలా?

మీ ప్రశ్న ఇది: ఒకే ల్యాప్‌టాప్‌లో విండోస్, ఉబుంటు రెండూ ఉన్నాయి. ఉబుంటు వాడి విండోస్‌లోకి వస్తే టైమ్ సరిగ్గా ఐదున్నర గంటలు వెనక చూపిస్తోంది. ‘సింక్ నౌ’ నొక్కితే సరవుతుంది, మర్నాడు మళ్లీ అదే కథ. షాపులో మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ (మెషిన్ ఆపినప్పుడూ గడియారాన్ని నడిపేది) పోయిందన్నారు.

బ్యాటరీ జోలికి వెళ్లకండి. టైమ్ ఎంత తప్పిందో చూస్తే చాలావరకు కారణం అక్కడే దొరుకుతుంది. బ్యాటరీ పోతే గడియారం ఎప్పుడో పాత సంవత్సరానికి వెళ్లిపోతుంది, లేదా మెషిన్ ఆపి ఉంచినంతసేపూ వెనకబడుతుంది. లెక్కగా 5:30 తేడా మాత్రం రాదు. అది మన టైమ్‌కీ యూటీసీకీ (ప్రపంచమంతా లెక్కకు తీసుకునే ఉమ్మడి టైమ్) ఉన్న తేడా.

మదర్‌బోర్డు మీద ఉన్న గడియారానికి టైమ్ జోన్ అంటే ఏమిటో తెలియదు, ఒక అంకె దాచుకుంటుందంతే. ఆ అంకెను లినక్స్ (ఉబుంటు అందులో ఒక రకం) యూటీసీ అనుకుంటుంది, విండోస్ స్థానిక సమయం అనుకుంటుంది. ఉదయం 9:00కి ఉబుంటు నెట్‌తో సరిచూసుకుని అందులో 3:30 రాస్తుంది. విండోస్ వచ్చి ఆ 3:30నే చూపిస్తుంది. మీరు సింక్ చేస్తే అందులో 9:00 పడుతుంది. ఈసారి ఉబుంటు దాన్ని యూటీసీ అనుకుని మధ్యాహ్నం 2:30 అంటుంది. నెట్ ఉంటే కాసేపట్లో సర్దుకుంటుంది కాబట్టి మీరు గమనించి ఉండరు. నెట్ లేనప్పుడు సేవ్ చేసిన ఫైళ్లకు మాత్రం రాబోయే టైమ్ పడుతుంది.

రెండింటినీ ఒకే మాట మీదకు తేవాలి. (కమాండ్‌లు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్నక్షరాలు.) తేలిక దారి ఉబుంటు టెర్మినల్‌లో ‘సుడో టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1’. ఆ తర్వాత ‘టైమ్‌డేట్‌సీటీఎల్’ అని కొడితే ఇలా ఉంచడం మంచిది కాదని హెచ్చరిక వస్తుంది. ఆ హెచ్చరికకు ముఖ్య కారణం ఏడాదికి రెండుసార్లు గంట ముందుకీ వెనక్కీ జరిపే దేశాలు. ఇండియాలో ఆ గొడవ లేదు కాబట్టి ఇక్కడే వాడే ల్యాప్‌టాప్‌కి ఇది సరిపోతుంది. డల్లస్‌కో లండన్‌కో పట్టుకెళ్లే మెషిన్ అయితే రెండో దారి పట్టండి.

రెండో దారిలో విండోస్‌నే యూటీసీకి మార్చాలి. రెజిస్ట్రీ ఎడిటర్‌లో (విండోస్ లోపలి సెట్టింగ్‌లు మార్చే ప్రోగ్రామ్) హెచ్‌కీ లోకల్ మెషిన్, సిస్టమ్, కరెంట్‌కంట్రోల్‌సెట్, కంట్రోల్, టైమ్‌జోన్‌ఇన్ఫర్మేషన్ వరకు వెళ్లి, ‘రియల్‌టైమ్‌ఈజ్‌యూనివర్సల్’ అనే పేరుతో (మధ్యలో ఖాళీల్లేకుండా) డీవర్డ్ (ఒక అంకె దాచే ఎంట్రీ) ఒకటి చేసి విలువ 1 ఇవ్వండి. ఉబుంటులోకి వెళ్లి ఇందాకటి కమాండ్ చివర 1 బదులు 0 పెట్టండి. నెట్ తగిలి టైమ్ సరైందని చూసుకున్నాక ‘సుడో హెచ్‌డబ్ల్యూక్లాక్ --సిస్‌టుహెచ్‌సీ’ కొట్టి, అప్పుడు విండోస్‌కి రండి. ఇకనుంచి బయాస్ (విండోస్ మొదలవకముందే తెరిచే సెట్టింగ్‌లు) స్క్రీన్‌లో టైమ్ 5:30 తక్కువగా కనిపిస్తుంది. అది తప్పు కాదు, దయచేసి ‘సరిచెయ్యకండి’. రిపేరుకి ఇస్తే అక్కడివాళ్లకూ ముందే చెప్పండి.

రెండు దార్లూ ఒకేసారి చేస్తే మళ్లీ మొదటికొస్తుంది. ఏదో ఒకటే.

తేడా సరిగ్గా అరగంట అయితే వేరే సంగతి. టైమ్ జోన్ పాకిస్తాన్‌దో (+5:00) బంగ్లాదేశ్‌దో (+6:00) పడి ఉంటుంది. జోన్ మార్చకుండా టైమ్‌ని చేత్తో జరిపితే పైకి బాగానే ఉంటుంది, లోపలి యూటీసీ మాత్రం అరగంట తప్పుతుంది. ఆ మెషిన్‌లో పెట్టుకున్న అథెంటికేటర్ (లాగిన్ కోడ్‌లు ఇచ్చే యాప్) కోడ్ టైమ్‌ని బట్టి సాధారణంగా 30 సెకన్లకొకటి మారుతుంది కాబట్టి ఒక్కటీ పనిచెయ్యదు.

నిజంగానే బ్యాటరీ పోయినప్పుడు (డెస్క్‌టాప్‌లలో మామూలుగా 3 వోల్టుల సీఆర్2032) ఇంకో చిక్కు ఉంది. డొమైన్‌లో (ఆఫీసు ఒకేచోటి నుంచి నడిపే మెషిన్ల గుంపు) లేని విండోస్ మెషిన్ మామూలు సెట్టింగ్‌లో 15 గంటలకు (54,000 సెకన్లు) మించిన తేడాను తనంతట తాను సరిచెయ్యదు. మార్పు మరీ పెద్దదని రీసింక్ ఆగిపోతుంది. ముందు తేదీ, టైమ్ చేత్తో ఉజ్జాయింపుగా పెట్టి, తర్వాత సింక్ చెయ్యండి. చాలామంది ఇక్కడ టైమ్ సర్వర్ (నెట్‌లో సరైన టైమ్ చెప్పే కంప్యూటర్) పేర్లు మారుస్తూ కూర్చుంటారు, దాని వల్ల ఒరిగేదేమీ లేదు.

సింకే జరగకపోతే విండోస్‌లో అడ్మిన్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘డబ్ల్యూ32టీఎం /క్వెరీ /స్టేటస్’ చూడండి. సోర్స్ దగ్గర ‘లోకల్ సీమాస్ క్లాక్’ (మదర్‌బోర్డు గడియారమే) అని ఉంటే బయటి సర్వర్ ఏదీ అందలేదన్నమాట. సర్వీస్ మొదలవలేదని వస్తే ‘నెట్ స్టార్ట్ డబ్ల్యూ32టైమ్’. సర్వర్ మార్చాలంటే మాన్యువల్‌పీర్‌లిస్ట్‌లో (సర్వర్ పేర్లు రాసే చోటు) పేరు తర్వాత కామా పెట్టి 0ఎక్స్8 తప్పక చేర్చండి. అది లేకపోతే విండోస్ క్లయింట్‌లా (టైమ్ అడిగే మెషిన్‌లా) కాక సాటి సర్వర్‌లా పలకరించవచ్చు, కొన్ని సర్వర్లు దానికి జవాబివ్వవు. ఆఫీసు డొమైన్‌లో ఉన్న మెషిన్‌లో మాత్రం ఇవేవీ ముట్టుకోవద్దు. అక్కడ డొమైన్ కంట్రోలర్‌తో (లాగిన్లు సరిచూసే ఆఫీసు సర్వర్) తేడా మామూలు సెట్టింగ్‌లో 5 నిమిషాలు దాటితే లాగిన్లే ఆగిపోవచ్చు.

లినక్స్‌లో క్రోనీ (నెట్‌తో టైమ్ సరిచూసే ప్రోగ్రామ్) వాడుతుంటే ‘క్రోనీసీ సోర్సెస్’ కొట్టండి. పేరు ముందు నక్షత్రం ఉన్నది ఎంచుకున్న సర్వర్. ‘రీచ్’ కింద 377 ఉంటే చివరి ఎనిమిది పలకరింపులకూ జవాబు వచ్చినట్టు (అది ఆక్టల్ అంకె, అంటే 0 నుంచి 7 వరకు అంకెలతోనే లెక్కించేది). అన్నిటికీ 0 ఉంటే చాలావరకు యూడీపీ 123 పోర్టు (టైమ్ సర్వర్లతో మాట్లాడే దారి) మూసేసిన ఫైర్‌వాలే. హాస్టల్, కాలేజీ నెట్‌లలో ఇది మామూలు. ఫోన్ హాట్‌స్పాట్‌కి మారి చూడండి. అక్కడ పనిచేస్తే సెట్టింగ్‌లు వదిలేసి నెట్‌వర్క్ చూసేవాళ్లను అడగండి, లోపల వాళ్లదే టైమ్ సర్వర్ ఏదైనా ఉంటే ఆ పేరే పెట్టుకోవచ్చు.