మొజార్ట్ చిన్నప్పుడు ఎవరూ నేర్పకుండానే సంగీతం నేర్చుకున్నాడా?

లేదు, మొజార్ట్‌కు నాలుగేళ్ల వయసు నుంచే తండ్రి లియోపోల్డ్ ఇంట్లో పాఠాలు చెప్పాడు.

ఆ తండ్రి మామూలు గురువు కాదు. ఇప్పటి ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌ను ఏలిన ఆర్చ్‌బిషప్ (క్రైస్తవ మతాధిపతి) ఆస్థానంలో వయొలిన్ విద్వాంసుడు. కొడుకు పుట్టిన 1756లోనే వయొలిన్ శిక్షణపై పుస్తకం అచ్చువేయించాడు. పైగా నాలుగున్నరేళ్లు పెద్దదైన అక్క నానెర్ల్ కూడా ఇంట్లోనే నేర్చుకునేది. ఆమె పాఠాలు వింటూ, మూడేళ్లకే పిల్లాడు కలిసి పలికే స్వరాలను కీబోర్డు వాద్యం మీటల మీద వెతుక్కునేవాడట. పుట్టుకతో వచ్చిన ప్రతిభ ఉంది, కాదనలేం. కానీ అంతటి శిక్షణ ఆ వయసులో ఎంతమందికి దొరుకుతుంది?

అక్క కోసం తండ్రి తయారుచేసిన నోటుపుస్తకమే చూడండి. అందులో వాగెన్‌జైల్ అనే స్వరకర్త రచన ఒకటి మొజార్ట్ 1761 జనవరి 24 రాత్రి తొమ్మిది, తొమ్మిదిన్నర మధ్య నేర్చుకున్నాడని తండ్రి రాసిపెట్టాడు. ఐదో పుట్టినరోజుకు ఇంకా మూడు రోజులుంది! ఆ ఏడాదే పిల్లాడు చిన్న చిన్న బాణీలు కట్టాడు. అయితే వాటిని కాగితం మీద పెట్టింది తండ్రి. అందుకే అందులో ఆయన దిద్దింది ఎంతో చెప్పడం కష్టం.

ఇక ‘ట్వింకిల్ ట్వింకిల్’ బాణీ మొజార్ట్ ఐదేళ్లకే కట్టాడని చాలామంది నమ్ముతారు. అది అంతకుముందే ఉన్న ఫ్రెంచ్ పాట బాణీ. దాని మీద ఆయన పన్నెండు వేరియేషన్లు (అదే బాణీని రకరకాలుగా మార్చిన రూపాలు) రాశాడు, అదీ పాతికేళ్ల వయసులో.