పైత్యరస వర్ణకంతో పరిశోధకులకు పనేమిటి?

ప్రశ్న: కామెర్లలో కళ్లను పచ్చబరిచే పైత్యరస వర్ణకం బిలిరుబిన్‌ను శుద్ధిచేసి ప్రయోగశాలలకు పొడిగా అమ్ముతారట. శరీరం బయటికి పంపేసే పదార్థంతో పరిశోధకులకు పనేమిటి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: రక్తంలో బిలిరుబిన్ ఎంతుందో చెప్పే యంత్రాలను సరిచూసుకోవడానికి, పరిమాణం కచ్చితంగా తెలిసిన బిలిరుబిన్ ద్రావణం కావాలి. ఇది నిత్యావసరం. పరిశోధన సంగతికొస్తే, పాత ఎర్ర రక్తకణాల్లోని హీమ్ (రక్తానికి ఎరుపునిచ్చే, ఇనుముతో కూడిన పదార్థం) విరిగి ముందు ఆకుపచ్చని బిలివర్డిన్‌గా, ఆపైన పసుపుపచ్చని బిలిరుబిన్‌గా మారుతుంది. ఈ రెండో మెట్టుకు శరీరం శక్తిని ఎందుకు ఖర్చు చేస్తుందన్న సందేహానికి 1987లో రోలాండ్ స్టాకర్ బృందం బలమైన సమాధానమిచ్చింది. కొవ్వుపొరలను ఆక్సీకరణం నుంచి బిలిరుబిన్ కాపాడగలదని వారు ప్రయోగాల్లో చూపారు. కనుక దీనిని ఒట్టి వ్యర్థమని కొట్టిపారేయడం అన్యాయమని నా అభిప్రాయం. అయితే నవజాత శిశువుల్లో మితిమీరితే ఇది మెదడును దెబ్బతీస్తుందన్నదీ అంతే నిజం.

అన్నిటికన్నా ఆశ్చర్యకరమైనది జపాన్ ఈల్ చేప కండరాల్లోని ఉనాజీ అనే ప్రొటీన్. 2013లో జపాన్ పరిశోధన సంస్థ రికెన్ శాస్త్రవేత్తలు వెల్లడించినట్లు, బిలిరుబిన్‌ను పట్టుకున్నప్పుడే అది నీలికాంతిలో ఆకుపచ్చగా వెలుగుతుంది కాబట్టి, దాని సాయంతో అతి స్వల్ప పరిమాణాలనూ కొలవవచ్చు. వెలుతురు తగిలితే బిలిరుబిన్ అణువు రూపు మారిపోతుంది గనుక పొడిని చీకట్లో భద్రపరచి, ద్రావణాన్ని ఏ రోజుకారోజు మసక వెలుతురులో కలుపుకుంటారు.