మద్యంపై పన్ను పెంచమని కోర్టును అడగవచ్చా?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. నా భర్త గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లో పనిచేస్తారు. నెలకు 18 వేల జీతం. రోజూ తాగుతారు. 2020లో మద్యం ధరలు పెరిగినప్పుడు ఆయన తాగుడు తగ్గలేదు, నాకిచ్చే డబ్బు తగ్గింది. 99 రూపాయల క్వార్టరు వచ్చాక ఒకటి తాగేచోట రెండు తాగుతున్నారు. మా ఊరి బెల్టు షాపులో అదే సీసా 120, 130కి అమ్ముతున్నారు. మా పొదుపు సంఘంలో కొందరు పన్ను బాగా పెంచాలంటారు, కొందరు పెంచితే మన పిల్లల కడుపే మాడుతుందంటారు. కూల్ డ్రింకుల మీద 40 శాతం జీఎస్టీ వేసినవారు మద్యం మీద ఎందుకు వేయరు? పన్ను పెంచమని అందరం కలిసి హైకోర్టులో ప్రజా ప్రయోజన వ్యాజ్యం వేస్తే గెలుస్తామా?

- ఒక సోదరి

జవాబు: అమ్మా, వ్యాజ్యం వేయవచ్చు గానీ గెలవరు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. మీ సంఘంలోని ఆడవాళ్లు పది, ఇరవై పోగుచేసి ఆ కేసు మీద ఖర్చు పెట్టుకోవడం నాకు ఇష్టం లేదు. అయితే మీరు కోర్టుకు వెళ్లి తప్పకుండా సాధించుకోగలిగినవి వేరే ఉన్నాయి. వాటి గురించి కూడా రాస్తాను. కాస్త ఓపికగా చదవండి.

రాజ్యాంగం 265వ అధికరణం ప్రకారం చట్టం ఇచ్చిన అధికారం లేకుండా ఎవరూ ఏ పన్నూ వేయకూడదు, వసూలు చేయకూడదు. పన్ను వేసే చట్టం చేసేది శాసనసభ. వేసిన పన్నుకు చట్టం ఆధారం ఉందా, ఆ చట్టం చేసే అధికారం ఆ సభకు ఉందా, ఒకే తీరులో ఉన్నవారిలో ఒకరికి ఒక న్యాయం, మరొకరికి ఇంకో న్యాయం చేశారా అన్నవి కోర్టు చూస్తుంది. అంతేగానీ ఇది చాలదు, ఇంకో ఇరవై శాతం వేయండి అని ఏ న్యాయమూర్తీ ఆదేశించరు. మత్తు పానీయాల నిషేధానికి ప్రభుత్వం కృషి చేయాలని 47వ అధికరణం చెబుతోంది కదా అని మీకు ఎవరైనా చెప్పి ఉండవచ్చు. అది నిజమే. కానీ అది ఆదేశిక సూత్రాల్లో ఉంది. వాటిని కోర్టుల ద్వారా అమలు చేయించడం కుదరదని 37వ అధికరణమే చెప్పింది.

మరి ప్రభుత్వం తనంతట తాను పెంచదలిస్తే అడ్డు చెప్పేవారు ఉన్నారా? దాదాపు లేరు. మద్యం వ్యాపారం చేయడం ఎవరికీ ప్రాథమిక హక్కు కాదని ఖోడే డిస్టిలరీస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 1995లో ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన మద్య నిషేధ చట్టాన్ని తయారీ కంపెనీలు సవాలు చేస్తే, 1996లో మెక్‌డోవెల్ కేసులో అదే సుప్రీంకోర్టు చట్టం వైపే నిలబడింది. పూర్తిగా ఆపగల ప్రభుత్వానికి పన్ను పెంచే అధికారం లేకపోదు. ఎప్పుడైనా ఎవరైనా మీకు ‘మా చేతుల్లో ఏముందమ్మా’ అంటే నమ్మకండి. మద్యం విషయంలో రాష్ట్రం చేతుల్లో లేనిదంటూ దాదాపు ఏమీ లేదు.

జీఎస్టీ సంగతి కూడా అక్కడే ఉంది. జీఎస్టీ తెచ్చిన 2016 నాటి 101వ రాజ్యాంగ సవరణలోనే, మనుషులు తాగే మద్యాన్ని ఆ పన్ను నిర్వచనం నుంచి మినహాయించారు. అందువల్ల 2025 సెప్టెంబరు 22 నుంచి చక్కెర కలిపిన గ్యాస్ పానీయాల మీద 40 శాతం వేసిన జీఎస్టీ మండలి మద్యం జోలికి రాలేదు. మద్యం మీద ఎక్సైజ్ సుంకం, వ్యాట్ రెండూ రాష్ట్రాలవే. ఆ రాబడిని వదులుకోవడానికి రాష్ట్రాలు ఒప్పుకోలేదు, ఇకముందు కూడా ఒప్పుకుంటాయని నేను అనుకోను. పైగా పారిశ్రామిక ఆల్కహాల్ కూడా రాష్ట్రాల అధికార పరిధిలోకే వస్తుందని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 8-1 మెజారిటీతో చెప్పింది. కాబట్టి కూల్ డ్రింకుకు ఢిల్లీ, క్వార్టరుకు అమరావతి. మీరు అడగవలసింది మీ ఎమ్మెల్యేని.

ఇక పెంచాలా వద్దా అన్నది. మీ సంఘంలో రెండు పక్షాలున్నాయన్నారు. ఇరవై ఏళ్లుగా కుటుంబ కేసులు చూస్తున్న మనిషిగా నేను పెంచాలనే పక్షంలో ఉన్నాను. అయితే రెండో పక్షం చెప్పే భయం ఉత్త భయం కాదు. మీ ఇంట్లో జరిగింది అదే కదా.

2020 మే నెలలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రెండు రోజుల వ్యవధిలో మొదట 25 శాతం, ఆ వెంటనే మరో 50 శాతం మద్యం ధరలు పెంచింది. తాగుడు మాన్పించడమే ఉద్దేశమని చెప్పింది. ఆ తర్వాత ఏమైందో మీ జిల్లాలోనే చూశారు. జులై నెలాఖరులో కురిచేడులో కరోనా కట్టడి వల్ల దుకాణాలు మూసి ఉన్నాయి. ధర చూస్తే అందనంత ఎత్తులో ఉంది. కొందరు శానిటైజర్ తాగారు. పది మందికి పైగా చనిపోయారు. పొరుగు రాష్ట్రాల నుంచి సీసాలు తెచ్చుకునేవారి మీద కేసులు మొదలయ్యాయి. ప్రభుత్వ ఉత్తర్వు మూడు సీసాల వరకు అనుమతిస్తున్నప్పుడు కేసులు ఎలా పెడతారని ఆ సెప్టెంబరులో హైకోర్టు అడ్డుకుంది. ప్రభుత్వం తర్వాత ఆ ఉత్తర్వునే మార్చుకుంది. ఆ సెప్టెంబరులోనే తక్కువ రకం మద్యం ధరలను కూడా తగ్గించవలసి వచ్చింది. రాత్రికి రాత్రి ధర పెంచేసి, తాగుడుకు అలవాటు పడ్డ శరీరానికి వైద్యం చూపించకపోతే ఇలాగే అవుతుంది. అందులో తప్పు పన్నుది కాదు, పెంచిన తీరుది.

స్కాట్లాండ్ ఇదే పని మరో తీరులో చేసింది. మద్యంలోని 10 మిల్లీలీటర్ల ఆల్కహాల్‌కు 50 పెన్నీల కంటే తక్కువకు అమ్మకూడదని 2018 మే 1 నుంచి నియమం పెట్టింది. దాని మీద విస్కీ తయారీదారులు బ్రిటన్ సుప్రీంకోర్టు దాకా వెళ్లి ఓడిపోయారు. 2024 సెప్టెంబరులో ఆ కనీస ధరను 65 పెన్నీలకు పెంచారు. మద్యం వల్లే వచ్చే జబ్బులతో సంభవించే మరణాలు దీనివల్ల సుమారు 13 శాతం తగ్గాయని అక్కడి ప్రజారోగ్య సంస్థ 2023లో లెక్కతేల్చింది. ఆ నివేదికలోనే మీ ఉత్తరంలోని మాట కూడా ఉంది. మద్యానికి పూర్తిగా బానిసలైనవారిలో తాగుడు పెద్దగా తగ్గలేదు, కొందరు తిండి ఖర్చు తగ్గించుకుని తాగారు అని. అంటే ధర పెంచితే కొత్తగా అలవాటు పడబోయే కుర్రవాడు ఆగుతాడు, అప్పుడప్పుడు తాగేవాడు తగ్గిస్తాడు. మీ భర్తలాంటి వ్యక్తికి మాత్రం అది ఒక్కటే చాలదు. మీ సంఘంలోని రెండు పక్షాలూ నిజమే చెబుతున్నాయి, వేర్వేరు మగవాళ్ల గురించి.

99 రూపాయల సీసా గురించి నా బాధ చెప్పాలి. 2024 అక్టోబరులో కొత్త మద్యం విధానంతో అది వచ్చింది. కల్తీ సారా వైపు, నాసిరకం మద్యం వైపు పేదవాడు పోకుండా ఉండడానికే అన్నారు. ఆ వాదనలో కొంత నిజం ఉందని కురిచేడు తర్వాత నేను కాదనలేను. కానీ లెక్క చూడండి. 180 మిల్లీలీటర్ల క్వార్టరులో 42.8 శాతం ఆల్కహాల్, అంటే 77 మిల్లీలీటర్లు. 650 మిల్లీలీటర్ల మామూలు బీరులో 5 శాతం చొప్పున 33 మిల్లీలీటర్లు కూడా లేదు. ఆ బీరు ధర 99 కంటే ఎక్కువ. తక్కువ డబ్బుకు ఎక్కువ మత్తు కావాలనుకున్న మనిషిని మన ధరల పట్టికే చేయి పట్టుకుని క్వార్టరు దగ్గరికి తీసుకెళుతోంది. బ్రాండు పేరు, సీసా ధర చూసి కాకుండా, లోపలున్న ఆల్కహాల్ ఎంతో చూసి పన్ను వేయాలి. ఏడాదికి కొంత చొప్పున, ముందే ప్రకటించి పెంచుతూ పోవాలి. పెరిగిన రాబడిలో ఒక వాటాను ప్రతి ప్రాంతీయ ఆసుపత్రిలో మద్య విమోచన వార్డుకు చట్టంలోనే రాసి పెట్టాలి. ఇది నా అభిప్రాయం, చట్టం కాదు. కానీ మనసారా నమ్మి రాస్తున్నాను.

మీ ఉత్తరంలో మీరు మామూలుగా రాసేసిన ఒక వాక్యమే చట్టపరంగా అన్నింటికంటే బలమైనది. బెల్టు షాపులో 120, 130 అన్నారు. పైన వేసుకున్న ఆ ఇరవై, ముప్పై రూపాయల్లో ఒక్క పైసా ఖజానాకు చేరదు. మీ ఊళ్లో పన్ను ఇప్పటికే పెరిగిందన్నమాట, కాకపోతే వసూలు చేస్తున్నది బెల్టు షాపు మనిషి. లైసెన్సు లేకుండా మద్యం అమ్మడం 1968 నాటి ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం సెక్షన్ 34 కింద జైలు శిక్ష పడే నేరం. ఇక్కడ మీకు హైకోర్టు ఉపయోగపడుతుంది. ముందు మీ సంఘం సభ్యులంతా సంతకాలు చేసి ఎక్సైజ్ స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. రశీదు తీసుకోవడం మరవవద్దు. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో మరో ప్రతి ఇవ్వండి. నెల, రెండు నెలలు చూసినా కదలిక లేకపోతే ఆ రశీదులతో 226వ అధికరణం కింద రిట్ వేయవచ్చు. కొత్త పన్ను వేయమని కోర్టు ఆదేశించదు. కానీ ఉన్న చట్టాన్ని అమలు చేయని అధికారిని అమలు చేయమని ఆదేశిస్తుంది. మీరు పోగుచేసే పది, ఇరవై ఈ కేసుకు ఖర్చు పెట్టండి.

పక్కనే ఉన్న నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మూయించినప్పుడు వాళ్ల చేతిలో కోర్టు తీర్పు ఏదీ లేదు. 1992లో ఊరూరా పాకిన ఆ ఉద్యమం వల్లే 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చింది. రెండేళ్లకే సంపూర్ణ నిషేధాన్ని సడలించారు. దానికి చెప్పిన ముఖ్య కారణాల్లో ఖజానా లోటు ఒకటి. మద్యం రాబడి మీద ఆధారపడిన ప్రభుత్వం తాగుడు తగ్గాలని ఎంత గట్టిగా కోరుకుంటుందో ఆలోచించండి. పన్ను పెంచాలని అడిగేటప్పుడు ఆ డబ్బు ఎక్కడికి పోవాలో కూడా అడగండి అని నేను అంటున్నది అందుకే.

చివరిగా మీ ఇంటి సంగతి. 2005 నాటి గృహహింస చట్టం కొట్టడం, తిట్టడం గురించి మాత్రమే అని చాలామంది అనుకుంటారు. భార్యకు, పిల్లలకు ఇంటి అవసరాలకు కావలసిన డబ్బు అందకుండా చేయడాన్ని ఆ చట్టం మూడో సెక్షన్ ఆర్థిక హింసగా గుర్తించింది. మీ భర్త జీతంలో సగం మద్యానికి పోయి, మీకు బియ్యం కొనడానికి లేకపోతే అది ఈ నిర్వచనంలోకి వస్తుంది. సెక్షన్ 20 కింద మేజిస్ట్రేట్ మీకు నెలనెలా ఇంత ఇవ్వాలని ఉత్తర్వు ఇవ్వవచ్చు. ఆ సెక్షన్‌లోనే ఆరో ఉపసెక్షన్ ఉంది, దాన్ని గుర్తు పెట్టుకోండి. భర్త చెల్లించకపోతే ఆయన జీతంలో కొంత భాగాన్ని యజమానే నేరుగా భార్యకు ఇవ్వాలని లేదా కోర్టులో జమ చేయాలని మేజిస్ట్రేట్ ఆదేశించవచ్చు. మీ భర్త పనిచేసేది నెల జీతమిచ్చే యూనిట్ కాబట్టి ఇది మీకు అక్షరాలా వర్తిస్తుంది. ఆ డబ్బు బెల్టు షాపు ముందు నుంచి నడిచి రానవసరం లేదు.

ఇది విడాకుల కేసు కాదు. కాపురం చేస్తూనే, అదే ఇంట్లో ఉంటూనే వేయవచ్చు. మిమ్మల్ని ఇంట్లో నుంచి పంపించే హక్కు ఆయనకు లేదని 17వ సెక్షన్ చెబుతోంది. ఇద్దరినీ కౌన్సెలింగ్‌కు పంపే అధికారం 14వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్‌కు ఉంది. తాగుడు మాన్పించే చికిత్సకు ఆయనను ఒప్పించడానికి ఆ సమయంలోనే గట్టిగా అడగండి. మామూలుగా మూడు రోజుల్లోపు మొదటి విచారణ పెట్టాలి, అరవై రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలి అని చట్టంలో ఉంది. ఆచరణలో ఎక్కువ కాలమే పడుతుంది, కానీ మధ్యంతర ఉత్తర్వు అడిగితే త్వరగా వచ్చే అవకాశం ఉంది.

లాయరు ఫీజు గురించి దిగులు పడకండి. న్యాయ సేవల అధికార సంస్థల చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. 15100కు ఫోన్ చేస్తే మీ మండల లేదా జిల్లా న్యాయ సేవల సంస్థకు కలుపుతారు. ఆపద అనిపిస్తే 181, చికిత్స సలహాకు 14446. వెళ్లేటప్పుడు ఆధార్, రేషన్ కార్డు, పెళ్లి ఫొటో, పిల్లల స్కూలు ఫీజు రశీదులు పట్టుకెళ్లండి. ఆయన జీతం చీటీ దొరకకపోతే యూనిట్ పేరు, యజమాని చిరునామా, జీతం ఇచ్చే తేదీ ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. దరఖాస్తులో ఆ తేదీ తప్పకుండా రాయించండి.