ఉద్దానంలో నేను చూసిన రెండు రకాల సాయం

పన్నులు కడుతున్నాం, ప్రభుత్వ పథకాలు ఇన్ని ఉన్నాయి, ఇంకా మనం విడిగా దానం చేయడం దేనికని కొందరు అడుగుతుంటారు. మా ఇంట్లో జరిగినదాన్ని బట్టి సమాధానం చెబుతాను.

మాది శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బుకు పేరుపడిన ఉద్దానం. కొబ్బరి, జీడి తోటల మధ్య బతికే ఈ ఊళ్లలో జబ్బు ఎందుకు వస్తోందో కచ్చితమైన కారణం ఇప్పటికీ తేలలేదు. 2016లో మా మేనమామకు డయాలసిస్, అంటే యంత్రంతో రక్తాన్ని శుద్ధి చేసే చికిత్స, మొదలైంది. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. బంధువులం పదకొండు మందిమి కలిసి నెలకు తలా వెయ్యి రూపాయలు ఇవ్వాలని నిర్ణయించుకున్నాం. మొదటి మూడు నెలలు అందరూ ఇచ్చారు. ఎనిమిదో నెలకు నలుగురమే మిగిలాం. మానేసినవారు చెడ్డవారు కారు. ఒకరి ఇంట్లో పెళ్లి వచ్చింది, మరొకరికి ఉద్యోగం పోయింది. కానీ కిడ్నీ మార్పిడి జరగకపోతే డయాలసిస్ మాత్రం బతికినంతకాలం చేయించుకోవలసిందే. ఏడాదికి 150 సార్లకు పైగా జరిగే ఆ చికిత్స ఖర్చును 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకమే భరించింది. 2019 నుంచి డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను కూడా వచ్చింది. మేము డబ్బు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు మావయ్య తల దించుకుని తీసుకునేవాడు. పింఛను డబ్బును మాత్రం తన సొంత సొమ్ములాగే లెక్క పెట్టుకునేవాడు. ఆ తేడాను నేను ఎన్నటికీ మరిచిపోలేను.

తాగునీటి సంగతీ అంతే. మా ఊరికి ఒక దాత మంచి మనసుతో నీటి శుద్ధి యంత్రం పెట్టించారు. ఫిల్టర్లు మార్చే బాధ్యత ఎవరిదో తేలక అది ఏడాదిలోనే మూలపడింది. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని గొట్టాల ద్వారా ఉద్దానానికి తెచ్చిన పథకానికి సుమారు 700 కోట్ల రూపాయలు అయ్యాయి. అంత పని చందాలతో అయ్యేది కాదు.

అయినా దానం అనవసరమని నేను అనను, ఎందుకంటే పథకం ఆసుపత్రి గుమ్మం దగ్గర మొదలవుతుంది, రోగి కష్టం ఇంటి దగ్గరే మొదలవుతుంది. ఆటో కిరాయి, తోడు వెళ్ళినవారు పోగొట్టుకున్న ఆనాటి కూలి, ఇంట్లో పిల్లల భోజనం చాలావరకు చికిత్స పథకం లెక్కలోకి రావు. కిరాయికి డబ్బు లేక వారంలో ఒక డయాలసిస్ మానుకుని, ఒళ్ళంతా నీరు పట్టి, ఆయాసంతో అర్ధరాత్రి ఆసుపత్రికి చేరినవారిని నేను చూశాను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా కొబ్బరి చెట్లను నేలకూల్చినప్పుడు, అధికారులు నష్టం లెక్కలు రాసేలోపే అన్నం పొట్లాలు తెచ్చినవారు పక్క ఊళ్ల మామూలు మనుషులు. అయితే అప్పుడు వచ్చిన సాయంలో ఎక్కువ భాగం రోడ్డు పక్క ఊళ్లకే అందింది, లోపలి ఊళ్లకు పాత చీరలు మిగిలాయి. ఇచ్చేవారికి కనబడినవారికే దానం చేరుతుందన్న సంగతి నాకు అప్పుడే అర్థమైంది.

అందుకే ఇప్పుడు నేను ఇచ్చే పద్ధతి మారింది. చికిత్సకని డబ్బు పోగుచేయడం మానేశాను. ముగ్గురు రోగుల ప్రయాణ ఖర్చు నెలనెలా ఇస్తున్నాను, దాన్ని ఎప్పుడూ ఆపను. రెండోది, కాగితాల పని. మా వీధిలో ఒక వితంతువుకు ఆధార్‌లో ఒక పేరు, రేషన్ కార్డులో మరో పేరు ఉండడం వల్ల పింఛను దరఖాస్తు ముందుకు కదలలేదు. ఆమెను వెంటబెట్టుకుని నాలుగుసార్లు కార్యాలయాలకు తిరిగాను. మొత్తం ఖర్చు ఆరు వందలు కూడా కాలేదు. పింఛను చేతికి రావడానికి ఐదు నెలలు పట్టింది. ఆ ఐదు నెలలూ ఆమె ఇంటికి బియ్యం, పప్పు, మందులు మా వీధివాళ్ళమే సమకూర్చాం.