హైదరాబాద్ సెలవుల్లో పచ్చి కూరలు, పిల్లల పొట్టలు

అమెరికాకో ఆస్ట్రేలియాకో కొత్తగా వచ్చి, పిల్లలతో మొదటిసారి హైదరాబాద్ వెళ్తున్నవాళ్లు నీళ్ల విషయంలో చాలా జాగ్రత్తగా ఉంటారు, సీసా నీళ్లే తాగిస్తారు. తీరా బిర్యానీ పక్కన వచ్చే కీరా చక్రాలు, మిర్చి బజ్జీ మీద చల్లిన ఉల్లిముక్కలు, పానీపూరీ నీళ్లలో పచ్చి పుదీనా దగ్గరికొచ్చేసరికి ఆ జాగ్రత్త కాస్తా పోతుంది. పచ్చిగా తినే కూరలకు అంటిన మట్టిలో పేగు పురుగుల గుడ్లు, కంటికి కనపడని ఇతర పరాన్నజీవులు ఉండొచ్చు.

ఉప్పునీళ్లలో నానబెడితే చాలని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు. చాలదు. ఉప్పు, వెనిగర్, నిమ్మరసం వీటిని నమ్ముకోలేం. పేగుల్లో పెరిగే ఏలికపాము గుడ్డు పెంకు ఎంత గట్టిదంటే, కూరలు కడిగే మోతాదులో క్లోరిన్ కూడా దాన్నేం చేయలేదు. తడి మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతుంది, జిగటగా ఆకుకి అంటుకుంటుంది. మూసీ దిగువన మురుగు కలిసిన నీళ్లతో ఆకుకూరలు పండించే పొలాలున్నాయి. రైతు బజార్లో కొన్న కట్ట ఎక్కడిదో చూసి చెప్పలేం. అందుకే వండటం, తొక్క తీయడం, బాగా కడిగి మట్టి వదిలించడం, ఈ మూడే దారులు.

వండే గోంగూర, తోటకూర, పాలకూరలతో భయం లేదు. చిక్కంతా పచ్చిగా వేసే కొత్తిమీర, పుదీనాలతోనే. కట్ట విప్పి వేర్లు, కింది రెండంగుళాల కాడ, పండిపోయిన ఆకులు తీసేయండి. వెడల్పాటి గిన్నె నిండా నీళ్లు పోసి, ఆకు ముంచి వేళ్లతో కదిపి, రెండు నిమిషాలు వదిలేస్తే మట్టి అడుక్కి చేరుతుంది. అప్పుడు ఆకును పైకి ఎత్తి తీయాలి. చాలామంది గిన్నెనే జల్లెడలోకి వంపేస్తారు, దాంతో అడుగున చేరిన మట్టి మళ్లీ ఆకు మీదే పడుతుంది. ఇలా మూడుసార్లు, గిన్నె అడుగున ఇసుక తగలకుండా పోయేదాకా. సంపు నుంచి ఎక్కిన కుళాయి నీళ్లకు భరోసా లేదు కాబట్టి ఆఖరి కడుగు కాచి చల్లార్చిన నీళ్లతో. ఇంత చేసినా పూర్తిగా పోయినట్టు కాదు. చిన్నపిల్లలకైతే మరిగే నీళ్లలో ఒక నిమిషం ఉంచి తీసి పచ్చడి చేయడం మేలు. పుదీనాను నూనెలో మగ్గనిచ్చి రుబ్బే మన పద్ధతి అన్నిటికన్నా మంచిది.

కీరా, క్యారెట్, మామిడి ముందు కడిగి ఆ తర్వాతే చెక్కు తీయాలి, లేదంటే తొక్క మీది మట్టిని కత్తే లోపలికి మోసుకెళ్తుంది. క్యాబేజీకి పై ఆకులు మూడు నాలుగు పారేయండి. అన్నట్టు, కాలీఫ్లవర్‌లో కనిపించే పచ్చపురుగు చూడ్డానికి అసహ్యమే గానీ దానివల్ల రోగం రాదు. రోగం తెచ్చేవి కంటికి కనిపించవు.

'మేం శాకాహారులం, బద్దెపురుగు (టేప్‌వార్మ్) మాకెందుకొస్తుంది' అనుకోవద్దు. సరిగా ఉడకని పంది మాంసం తింటే పేగులో బద్దెపురుగు పెరుగుతుంది. మెదడులో తిత్తులు కట్టి ఫిట్స్ తెప్పించేవి మాత్రం, ఆ పురుగున్న మనిషి మలం నుంచి మట్టి, నీళ్లు, చేతుల ద్వారా తిండిలోకి చేరే గుడ్లు. అవి పచ్చి ఆకుకూర మీదా ఉండొచ్చు. ఫిట్స్ ఏళ్ల తర్వాత కూడా రావచ్చు, కాబట్టి మీరుండే దేశంలోని డాక్టరుకు ఇండియా ప్రయాణాల సంగతి చెప్పాలి.

తిరిగొచ్చాక ఒకటి రెండు రోజుల్లో వచ్చి తగ్గే విరేచనాలు ఎక్కువగా బ్యాక్టీరియావో వైరస్‌వో. వారం దాటాక మొదలై, రెండు వారాలైనా తగ్గక, జిడ్డుగా, దుర్వాసనతో ఉంటే జియార్డియా అనే పేగు పరాన్నజీవిని అనుమానించాలి. ఊళ్లో ఇచ్చిన నులిపురుగుల బిళ్ల ఆల్బెండజోల్ ఒక్క డోసు వేసేసి ఊరుకోకండి, జియార్డియాకూ అమీబాకూ అది చాలదు. మల పరీక్షకు ఒక్క నమూనా సరిపోదు, వేర్వేరు రోజుల్లో మూడు ఇవ్వాలి. సైక్లోస్పోరా అని విరేచనాలు తెచ్చే మరో పరాన్నజీవి ఉంది, దాని పేరు విడిగా చెప్పి రాయించుకోండి, మామూలు పరీక్షలో దాన్ని సాధారణంగా వెతకరు.