నగరాల్లో మంచి, శుభ్రమైన తిండి అందరికీ దొరకాలంటే ఏం చేయాలి?

ముందు కూరగాయల సంగతి. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన రైతుబజార్లే దీనికి మంచి నమూనా. దళారి లేకుండా, గుర్తింపు కార్డున్న రైతే కూర్చుని అమ్ముతాడు. ఆ రోజు ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి. టమాటా, బెండకాయ బయటికన్నా చవగ్గా వస్తాయి. కాకపోతే ఆటో కట్టుకుని వెళ్తే ఆ మిగిలింది కాస్తా కిరాయికే పోతుంది. అందుకే ఊరికో పెద్ద బజారు కన్నా, బస్తీల దగ్గర చిన్నవి నాలుగు పెట్టడం నయం.

వండిన తిండికైతే హైదరాబాద్‌లో 2014లో మొదలైన రూ.5 భోజనం ఉండనే ఉంది.

ఇక టిఫిన్ బండ్లు. 2024లో తెలంగాణ పచ్చిగుడ్డు మయోనైజ్‌ని నిషేధించింది, మంచిదే. కానీ దగ్గర్లో కుళాయి లేకపోతే ఒకే బకెట్ నీళ్లలో పొద్దంతా ప్లేట్లు ముంచక ఏం చేస్తారు? జరిమానా రాసేముందు కార్పొరేషన్ నీళ్లివ్వాలి, చెత్త తీయించాలి.